జిప్సీ ఛాసిస్‌కి తుప్పు: ముందు లోపలి ఒండ్రు తీయండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి జిప్సీ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నాలుగు రోజులు ఇంటి ముందు నీళ్ళలోనే ఉండిపోయింది. తర్వాత ఇంజను, బ్రేకులు, వైరింగ్ బాగుచేయించాం. బండి బాగానే నడుస్తోంది. వీలున్నప్పుడల్లా బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్ళొస్తుంటాం. మొన్న సర్వీసింగ్‌కి ఇస్తే వెనక ఎడమవైపు కమాన్ కట్ట షాకిల్ (కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే లింకు) పైన ఛాసిస్‌లోకి స్క్రూడ్రైవర్ దిగిపోయింది. ఒక మెకానిక్ పైన ప్లేటు వెల్డ్ చేసి, కింద మొత్తం నల్ల కోటింగ్ కొట్టేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. ఇంకొకాయన ఛాసిస్ మార్చేయాల్సిందే, ఆటోనగర్‌లో పాతది దొరుకుతుందన్నాడు. స్నేహితులు అమ్మేయమంటున్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు? 
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఒక చోట స్క్రూడ్రైవర్ దిగినంత మాత్రాన బండి అమ్ముకోనక్కర్లేదు, ఛాసిస్ మార్చనక్కర్లేదు. పైన ప్లేటు వేసి నల్ల కోటింగ్ కొట్టించే పని మాత్రం చేయకండి. మీకు వచ్చిన మూడు సలహాల్లో బండికి ఎక్కువ చేటు చేసేది అదే. పుచ్చుపన్ను శుభ్రం చేయకుండా పైన తొడుగు వేసినట్టుంటుంది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల తినడం ఆగదు. ఇంకో మాట, పని పూర్తయ్యేదాకా వెనక జనాన్ని ఎక్కించుకుని హైవే మీదికి తీసుకెళ్ళకండి. కమాన్ కట్ట పట్టుకునేది ఆ చోటే. గుంతలో పడినప్పుడు బరువంతా అక్కడే దిగుతుంది.

మీ బండికి ఈ తుప్పు ఎలా పట్టిందో తెలిస్తే ఏం చేయాలో సగం తెలిసినట్టే. జిప్సీ ఛాసిస్ నిచ్చెన ఆకారంలో ఉంటుంది. రెండు పక్కలా పొడవాటి దూలాలు, మధ్యలో అడ్డంగా క్రాస్ మెంబర్లు. ఆ దూలాలు లోపల డొల్లగా ఉండే పెట్టెలు. నీళ్ళు దిగిపోవడానికి కంపెనీ వాళ్ళే అక్కడక్కడా రంధ్రాలు ఇస్తారు. వరద నీళ్ళు ఆ రంధ్రాల్లోంచే లోపలికి వెళ్ళాయి. నీళ్ళు తీసేశాక బయటకి వచ్చేశాయి కూడా, కానీ ఒండ్రు లోపలే ఉండిపోయింది. బయటి వైపు రెండు రోజుల ఎండకి ఆరిపోయి ఉంటుంది. లోపలి ఒండ్రు నెలల తరబడి తడి వదలదు. బుడమేరు నీళ్ళలో ఊరి మురుగంతా కలిసింది కాబట్టి దాంట్లో లవణాలు కూడా ఉంటాయి. వెనక ఇరుసు దగ్గర ఛాసిస్ పైకి వంపు తిరిగి మళ్ళీ కిందికి దిగుతుంది. బురద ఎక్కువగా చేరేది అలాంటి వంపుల్లోనే. ఇప్పుడు స్క్రూడ్రైవర్ దిగింది కూడా అటువైపే.

దీనికి తోడు సూర్యలంక. సముద్రపు ఉప్పు ఇనుము మీద పడితే ఊరికే ఉండదు, గాలిలోని తేమని లాక్కుంటుంది. అందుకే వానలు లేని రోజుల్లో కూడా, ఉక్కపోసే రాత్రుల్లో, ఉప్పు పట్టిన ఇనుము తడిగానే ఉంటుంది. వైర్ బ్రష్‌తో ఎంత గీకినా ఈ ఉప్పు పోదు. తుప్పు గుంటల్లో అడుగున దాక్కుంటుంది. మంచినీళ్ళతో కడిగితేనే పోతుంది. చాలామంది కడగడం మానేసి నేరుగా గ్రైండర్ పెట్టేస్తారు, రంగేస్తారు, ఆరు నెలలకి అదే చోట రంగు ఉబ్బుతుంది. అప్పుడు రంగు మంచిది కాదంటారు. రంగు తప్పేమీ లేదు.

కాబట్టి మొదటి పని వెల్డింగ్ కాదు, కడగడం. మీరు రోజూ బండి కడిగించే వాటర్ సర్వీసింగ్ వాళ్ళది ఉప్పు బోరు అయితే అక్కడికి వెళ్ళకండి. బాపట్ల వైపు తీరప్రాంతంలో బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. అక్కడ కడిగిస్తే ఉప్పు పోగొట్టడానికి వెళ్ళి ఉప్పు పెట్టించుకొచ్చినట్టవుతుంది. మున్సిపల్ కుళాయి నీళ్ళు వాడండి. ఛాసిస్ కింద రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, గట్టి తీగ పెట్టి ఒక్కొక్కటీ తెరవండి. సన్నటి పైపు ముందు వైపు రంధ్రంలో పెట్టి, వెనక రంధ్రాల్లోంచి తేట నీళ్ళు వచ్చేదాకా వదలండి. మొదట్లో వచ్చే బురద చూస్తే మీకే అర్థమవుతుంది. తర్వాత ఎండలో పెట్టి, వీలైతే కంప్రెసర్ గాలి కొట్టించి బాగా ఆరనివ్వండి.

అప్పుడు చూడండి. బండిని జాకీ మీద ఒక్కదాని మీదే లేపి కిందికి దూరకండి, నాలుగు వైపులా స్టాండ్లు ఉండాలి. చిన్న సుత్తితో దూలం పొడవునా మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న చోట మందంగా మొద్దు చప్పుడు వస్తుంది. మొద్దు చప్పుడు వచ్చిన ప్రతి చోటా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి సుద్దతో గుర్తు పెట్టండి. ఎడమవైపు బయటపడింది కాబట్టి కుడివైపు అదే చోట తప్పకుండా చూడండి. కమాన్ కట్టల బ్రాకెట్లు, బాడీ కూర్చునే రబ్బరు మౌంట్ల కింద బ్రాకెట్లు, క్రాస్ మెంబర్ దూలానికి కలిసే మూలలు, పెట్రోలు ట్యాంకు పైభాగం, ముందు స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటు – ఇవి ఒక్కటీ వదలకండి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసిన అతుకు ఉబ్బి కనిపిస్తే మధ్యలో తుప్పు పెరుగుతోందని అర్థం. ఇనుము తుప్పుగా మారితే అసలు కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, అందుకే అతుకుని విడదీస్తుంది.

ఒక అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. ఎప్పుడో ఎవరో పుట్టీతో గానీ ఎంసీల్‌తో గానీ రంధ్రం పూడ్చి రంగేసి ఉంటే అక్కడ అయస్కాంతం అంటుకోదు. పాతికేళ్ళు దాటిన బండిలో ఇలాంటివి ఉండే అవకాశం ఎక్కువ. ఫోనుకి తగిలించుకునే సన్న కెమెరా వైర్లు ఆన్‌లైన్లో పెద్ద ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఒకటి కొని రంధ్రాల్లోంచి లోపల చూడండి. ఈ పనికి అంత ఉపయోగపడే వస్తువు ఇంకోటి లేదు.

ఛాసిస్ వంగిందేమో కూడా ఇప్పుడే తేల్చుకోండి. చదునైన నేల మీద బండి నిలబెట్టి, ముందు రెండు వైపులా ఒకే రకమైన బోల్టులు, వెనక రెండు వైపులా ఒకే రకమైన బోల్టులు ఎంచుకోండి. తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు వాటి నుంచి వేలాడదీసి నేల మీద సుద్ద చుక్కలు పెట్టండి. బండి పక్కకి జరిపి, ఎడమ ముందు చుక్క నుంచి కుడి వెనక చుక్కకి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఛాసిస్ పక్కకి వంగలేదన్నట్టే. తేడా బాగా కనిపిస్తే, లేదా రెండు దూలాలూ ఒకే చోట సగానికి పైగా తినేసి ఉంటే, లేదా స్టీరింగ్ బాక్స్ చోటు పోయి ఉంటే అప్పుడు ఛాసిస్ మార్చే మాట ఆలోచించాలి. మీరు రాసినదాన్ని బట్టి అంత దూరం వచ్చినట్టు లేదు.

మార్చే సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఛాసిస్ నంబరే చట్టం దృష్టిలో మీ బండి. పాత ఛాసిస్ ఒకటి కొనుక్కొచ్చి, దాని నంబరు చెరిపి మీ నంబరు గుద్దిస్తామని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది నేరం. ఆ పాత ఛాసిస్ ఏ దొంగబండిదో, ఏ కేసులో ఉన్నదో మీకు తెలియదు. నిజంగా మార్చాల్సి వస్తే కాగితాలున్న ఛాసిస్ కావాలి, ముందుగా ఆర్టీఓ ఆఫీసు అనుమతి కావాలి. మీది 1998 బండి. సొంత బండ్ల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. వేళకి చేయిస్తూ వచ్చి ఉంటే తర్వాతిది 2028లో పడుతుంది. అప్పుడు ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నంబరు చూస్తారు. అందుకే ఇప్పుడు జరిగే పనిలో కూడా నంబరు ఉన్న చోట గ్రైండర్ గానీ, సాండ్ బ్లాస్టింగ్ గానీ తగలకూడదు. పని మొదలుపెట్టకముందే ఆ చోటు వెతికి, ఫోటో తీసి, టేపు అంటించి, మేస్త్రీకి చూపించండి.

ఇక వెల్డింగ్. విజయవాడ ఆటోనగర్‌లో మంచి చేతులకి కొదవ లేదు. అయితే అక్కడ చాలామందికి లారీ బాడీలు, లారీ ఛాసిస్‌లు అలవాటు. లారీ ఛాసిస్ మందం వేరు, జిప్సీ దూలం మందం వేరు. లారీకి పెట్టే కరెంటు దీనికి పెడితే రంధ్రం పూడకపోగా పక్కన ఇంకో రంధ్రం పడుతుంది. యాక్సిడెంట్ కార్లకి టింకరింగ్ చేసేవాళ్ళ దగ్గరకి, సన్న తీగతో చేసే సీఓటూ (మిగ్) వెల్డింగ్ ఉన్న షెడ్డుకి వెళ్ళండి. అంతకుముందు వాళ్ళు చేసిన ఛాసిస్ పని ఒకటి చూపించమనండి. మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో అసలు కాదని కాదు, సన్న రేకు మీద దాన్ని అదుపులో పెట్టగలిగే చేయి అరుదు.

తుప్పు మీద వెల్డింగ్ నిలవదు. గ్రైండర్‌తో కోసుకుంటూ వెళ్ళి, తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా తీసేయాలి. మీకు కనిపిస్తున్న రంధ్రం రూపాయి బిళ్ళంత ఉన్నా కోసేది అరచేతి అంత అవ్వచ్చు. చూసి కంగారు పడకండి, అలా కోసేవాడే పని తెలిసినవాడు. ఒకేసారి రెండు వైపులా మాత్రం కోయనివ్వకండి. ఒక వైపు పూర్తి చేసి, చల్లారాక రెండో వైపు. కోసే చోటుకి ముందూ వెనకా స్టాండ్లు ఉండాలి, లేకపోతే దూలం బరువుకి కుంగుతుంది, అదే వంపుతో వెల్డ్ అయిపోతుంది.

ప్యాచ్ రేకు విషయంలో మనవాళ్ళు చేసే పొరపాట్లు మూడు. మొదటిది, మందం ఎక్కువైతే బలమని అనుకోవడం. మంచి చోట ఛాసిస్ మందం వెర్నియర్‌తో కొలిచి అదే మందం రేకు వాడాలి. మరీ మందం రేకు వేస్తే అక్కడ దూలం బిగుసుకుపోయి, కదలిక అంతా ప్యాచ్ అంచు మీద పడి, ఆ అంచు వెంబడి పగులు వస్తుంది. రెండోది, మూలనున్న పాత కమాన్ పట్టీ ముక్క తీసి వాడేయడం. కమాన్ పట్టీలో కార్బన్ ఎక్కువ, వెల్డ్ చేసిన చోట పెళుసుగా మారి విరుగుతుంది. మైల్డ్ స్టీల్ రేకే కావాలి. జీఐ రేకు కూడా వద్దు. దాని మీది జింక్ వెల్డింగ్ వేడికి పొగగా లేస్తుంది, ఆ పొగ పీల్చిన మేస్త్రీకి జ్వరం వస్తుంది, అతుకు కూడా గుల్లగా వస్తుంది. మూడోది, చదరపు ప్యాచ్. దూలానికి అడ్డంగా, నిలువు గీతలా వేసిన వెల్డ్ ఛాసిస్‌కి బలహీనమైన గీత. ప్యాచ్ మూలలు గుండ్రంగా ఉండాలి. కోసిన చోట సరిగ్గా అమరేలా ముక్క పెట్టి అంచుకి అంచు వెల్డ్ చేసి, బరువు పడే చోటు కాబట్టి దాని మీద రెండు చివర్లూ ఏటవాలుగా కోసిన పొడవాటి పట్టీ ఇంకొకటి వేయించండి. వెల్డ్ ఏకబిగిన లాగకుండా, అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వేసుకుంటూ పోవాలి. అప్పుడే వేడికి దూలం మెలి తిరగదు.

బిగుసుకుపోయిన షాకిల్ బోల్టు, అరిగిన బుష్‌లు ఉంటే ఇదే అదనుగా మార్పించేయండి.

అగ్ని జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. ఈ బండికి పెట్రోలు ట్యాంకు వెనకే ఉంటుంది, మీరు వెల్డ్ చేయించబోయేదీ వెనకే. తడిగుడ్డ కప్పుతాం, ఏం కాదు అంటే ఒప్పుకోకండి. ట్యాంకు దింపి షెడ్డు బయట దూరంగా పెట్టాల్సిందే. ఖాళీ ట్యాంకు అయితే ఇంకా జాగ్రత్త. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు, వైరింగ్ పక్కకి తప్పించాలి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా. మీది కార్బురేటర్ బండి కాబట్టి ఇంజను కంప్యూటర్ పోతుందన్న భయం లేదు గానీ, కనెక్షన్ తీయకపోతే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోవచ్చు. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటుకి పక్కనే ఛాసిస్ మీదే పెట్టాలి. చక్రానికో, ఇరుసుకో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా వెళ్ళి వాటిని పాడుచేస్తుంది.

ప్యాచ్ మూసేముందు మిమ్మల్ని పిలవమని మేస్త్రీకి ముందే చెప్పండి. దగ్గరుండి లోపల చూసి, ఫోటో తీసుకోండి. వాళ్ళ మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. మంచి మేస్త్రీ అయితే తన పని చూడటానికి వచ్చిన యజమానిని చూసి సంతోషిస్తాడు. తర్వాత అమ్మాల్సి వచ్చినా, రెన్యువల్‌లో ఎవరైనా అడిగినా ఆ ఫోటోలు పనికొస్తాయి.

రంగు దగ్గర వరస ముఖ్యం. వెల్డ్ అయిన చోట మసి, పెచ్చులు వైర్ బ్రష్‌తో తీసి, తిన్నర్‌తో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయించండి. మన ఊరి తేమకి తెల్లగా గీకిన ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. ఎర్ర రంగు రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేయడం ఇక్కడ మామూలు. దాని పైన మంచి ఎనామిల్ గానీ ఛాసిస్ పెయింట్ గానీ పడకపోతే అది నీళ్ళని ఆపలేదు. రస్ట్ కన్వర్టర్ అని అమ్మే ద్రావణాలు గట్టిగా అంటుకుని ఉన్న పలచటి తుప్పు మీదే పనిచేస్తాయి. పెచ్చులుగా ఊడే తుప్పు మీద పోస్తే పెచ్చు పైభాగం నల్లబడుతుంది, కింద తుప్పు తుప్పుగానే ఉంటుంది. జింక్ ఎక్కువగా ఉండే (జింక్ రిచ్) ప్రైమర్ వాడతానంటే అది తెల్లటి ఇనుముకి నేరుగా తగలాలి, కన్వర్టర్ వేసిన చోట దానివల్ల ఉపయోగం లేదు. రేకు మీద రేకు పడిన అతుకులన్నిట్లో సీలెంట్ నింపించండి.

వెల్డ్ వేడికి పెట్టె లోపలి వైపు రంగు కాలిపోయి ఉంటుంది. బయట ఎంత రంగేసినా లోపలి ఆ చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది. దానికి క్యావిటీ వ్యాక్స్ అని, డొల్ల భాగాల లోపల కొట్టే మైనం దొరుకుతుంది. పొడవాటి సన్న గొట్టం చివర చుట్టూ చిమ్మే నాజిల్‌తో రంధ్రాల్లోంచి దూలం పొడవునా కొట్టించాలి. ఈ ఒక్క పని ఎక్కువమంది మానేస్తారు, మీరు మాత్రం మానకండి. కొట్టాక కింది రంధ్రాలు మూసుకుపోకుండా మళ్ళీ తీగ పెట్టి తెరవండి.

నల్ల కోటింగ్ మీద నాకు కోపం లేదు. శుభ్రమైన, రంగు పట్టిన ఇనుము మీద కొడితే రాళ్ళ దెబ్బలు కాస్తుంది. తుప్పు మీద కొడితే తేమని లోపల బంధిస్తుంది. పైగా కింద ఏం జరుగుతోందో మీ కంటికి కనపడకుండా దాచేస్తుంది. మీ బండిలాంటి దానికి మెరుగైనది పారదర్శకమైన వ్యాక్స్ కోటింగ్, ఎక్కడ ఎరుపు తేలినా వెంటనే తెలుస్తుంది. ఎవరైనా వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టమంటే వద్దనండి. అది రబ్బరు బుష్‌లని తినేస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది, మొదటి వానకి సగం రోడ్డు మీదికి కారిపోతుంది.

ఎప్పుడు చేయించాలంటే, సంక్రాంతి దాటాక మే వరకు. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం రంగు వేయించకండి, ఇనుము కాలిపోతూ ఉంటుంది, పొద్దున్నే వేయించండి. వానల్లో, తుఫాన్ల నెలల్లో ఈ పని పెట్టుకోకండి. అప్పటిదాకా ఆగడానికి వీల్లేని రంధ్రం అయితే వెల్డింగ్, ప్రైమర్ ఇప్పుడు చేయించి మిగతా రంగు పని ఎండలకి పెట్టుకోండి.

అమ్మే విషయం మీ ఇంటి నిర్ణయం. నా అభిప్రాయం మాత్రం మీ నాన్నగారి వైపే. జిప్సీ తయారీ ఆగిపోయింది, అలాంటి తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి మళ్ళీ ఆ సాదా రూపంలో రాలేదు. బాడీ వేరు, ఛాసిస్ వేరుగా బోల్టులతో బిగించి ఉన్న బండి కాబట్టే ఇలా కోసి, అతికి, ఇంకా చాలాకాలం నడుపుకోగలుగుతున్నాం. ఇప్పటి కార్లలో చాలావాటికి బాడీయే ఛాసిస్. వాటికి ఇంత తుప్పు పడితే బాగుచేయడం చాలా కష్టం.

సూర్యలంక మానేయమని చెప్పను. చక్రాలు సముద్రపు నీళ్ళలో పెట్టకండి, తడి ఇసుక అంచుకి కూడా దూరంగా ఉండండి. తిరిగొచ్చిన రాత్రే, ఎంత అలిసిపోయినా, కింద నుంచి మంచినీళ్ళతో కడిగి దూలాల్లోకి పైపు పెట్టండి. వానలు మొదలయ్యేముందు ఒకసారి, ఆగాక ఒకసారి సుత్తి, తీగ పట్టుకుని కిందికి దూరండి. వెల్డ్ చేసిన చోట ప్యాచ్ అంచు వెంబడి వెంట్రుకంత గీత కనిపించినా రంగు పగులే అనుకుని వదలకుండా, బండి ఆపి ఆ మేస్త్రీకే చూపించండి.